కొనని పైసలు

మా అక్క మిర్యాలగూడలో ఉంటుంది, చెల్లె కోదాడలో, మధ్యదాన్ని నేను సూర్యాపేటలో. ఏ ఊళ్లో పొద్దున బస్సెక్కినా మరో ఊళ్లో మధ్యాహ్నం భోజనానికి అందుకోవచ్చు. అయినా మేం ముగ్గురం ఒకచోట కలవాలంటే ఎవరిదో పెళ్లి కావాలి, లేదంటే ఎవరో పోవాలి, అదీ కాకపోతే ఎవరినో దవాఖానలో చేర్చాలి. ఆ ఎండాకాలం మాత్రం మా అదృష్టం బాగుంది. మా మేనమామ కొడుకు నేరేడుచర్లలో ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు.

భోజనాలయ్యాక షామియానా కింద చివరి వరసలో కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. అక్క చెప్పులు విప్పేసి, కాళ్లు ఇంకో కుర్చీ మీద చాపుకుని, కిళ్లీ నములుతూ ఉన్నట్టుండి అంది:

"ఒక్క దినం. ఒక్కటంటే ఒక్కటే దినం. నేను లేవంగనే ఎవరన్న నా చేతికి చాయ్ తెచ్చియ్యాలె. నేను పండుకున్న పక్క నేను దులపొద్దు. గంతే. దేవుణ్ణి ఇంకేం అడగను."

"అంటే హోటల్ రూమా అక్కా?" అంది చెల్లె. కోదాడకు కోడలై వెళ్లినప్పటి నుంచి దాని మాట సగం ఆంధ్రా వైపు వాలిపోయింది.

"హోటలో గీటలో. మీ బావ ఉండొద్దు, పిల్లలుండొద్దు. మీరిద్దరే ఉండాలె."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెళ్లిళ్లయి ఇన్నేళ్లయింది, పిల్లలు హైస్కూలుకొచ్చారు, మేం ముగ్గురమే కలిసి ఎక్కడికైనా వెళ్లొచ్చని ఇంతవరకు ఎవరికీ తోచలేదు. తోచగానే ఒంట్లో ఏదో చక్కిలిగిలి పుట్టింది. చెల్లె ముందు నవ్వింది. తర్వాత నేను. అక్క నోట్లో కిళ్లీ ఉండడంతో నవ్వలేక, ఆపుకోలేక, చీర కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. ఏమైందోనని మా అత్తమ్మ ఒకావిడ నీళ్ల గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది.

"వైజాగ్ పోదాం," అన్నాను నేను. ఎందుకన్నానో నాకే తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా సముద్రాన్ని టీవీలో తప్ప చూసిందాన్ని కాదు. వాళ్లిద్దరూ అంతే.

"పోదాం!" అంది చెల్లె.

"పోదాం సరే, పైసలు ఏడికెల్లి తెస్తవే?" అంది అక్క.

బస్టాండుకు షేర్ ఆటో ఎక్కాక ఆ మాట మీద పంచాయితీ మొదలైంది. ముగ్గురికీ ఎంతో కొంత సంపాదన ఉంది. అక్కది మిర్యాలగూడలో మ్యాచింగ్ సెంటరు, చీరలకు ఫాల్స్, లేసులు, జాకెట్ ముక్కలు అమ్ముతుంది. నేను సూర్యాపేటలో ఒక కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తాను. చెల్లె వాళ్లాయనతో కలిసి కోదాడలో జిరాక్స్ షాపు నడుపుతుంది. అయినా నెలాఖరుకు ముగ్గురి చేతులూ ఖాళీయే. కారణం అడిగితే ముగ్గురి దగ్గరా ఒకే జవాబు ఉంది: మిగతా ఇద్దరూ దుబారా మనుషులు.

"నీకు పొద్దుగూకంగ మిర్చి బజ్జీ లేంది ముద్ద దిగదు," అంది అక్క నాతో.

"నీ బీరువాల ట్యాగ్ తీయని చీరలెన్ని ఉన్నయో సెప్పు ముందు," అన్నాను.

"నన్నేం అనకండి, నేనేం తినను, కట్టుకోను," అంది చెల్లె.

"నువ్వు డబ్బాలు తెప్పిస్తవ్," అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆన్‌లైన్లో అది కొనని వస్తువు లేదు. వెల్లుల్లి పొట్టు తీసే రబ్బరు గొట్టం ఒకటి ఉంది దాని దగ్గర. దాన్ని ఒక్కసారి వాడింది.

అద్దంలోంచి మమ్మల్ని చూస్తున్న ఆటో అతను ఇక ఆగలేకపోయాడు. "అక్కా, మీరు మిగిలిచ్చుకునుడు మంచిదే గాని, నా కిరాయి కాడికెల్లే షురూ జేయకుర్రి," అన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నియమం పెట్టింది అక్కే. నెల మొదట్లో దాచాలని మేం చాలాసార్లు అనుకున్నాం, దాచలేదు. నెలాఖరుకు మిగిలింది దాద్దామనుకున్నాం, మిగల్లేదు. "ఇగ గట్ల గాదు," అంది. "ఏదన్న కొననీకి చెయ్యి సాపినవనుకో. ఆపు. ఆపిన పైసలు ఆడ్నే నిలవడి, ఆ నిమిషంలనే పంపాలె. ఇంటికి పోయి పంపుత అంటే లెక్కల్లేదు. నిజంగ కొందామనుకున్నదైతేనే పంపాలె. ఉత్తుత్తిది నడవది."

"ఎక్కడికి పంపాలి?" అంది చెల్లె.

దానికీ అక్కే ఒక ఉపాయం చెప్పింది. మా బావ ఇదివరకు ఫోన్ రీచార్జిల షాపు పెట్టి మూసేశాడు. అప్పుడు అక్క పేరు మీద తీసిన ఖాతా అలాగే ఉంది, ఆ ఖాతాలో డబ్బు పడితే అరిచే చిన్న డబ్బా కూడా ఇంట్లో మూలన పడి ఉంది. అక్క ఆ డబ్బాకు ఛార్జింగ్ పెట్టి, తన షాపు గల్లాపెట్టె పక్కన పెట్టుకుంది. అలా ఆ కౌంటర్ మీద రెండు డబ్బాలయ్యాయి, ఒకటి షాపుది, ఒకటి మాది.

మర్నాడు సాయంత్రం నేను షాపులోంచి బయటపడేసరికి గాలి నిండా మిర్చి వాసన. మా షాపు ముందరే బండి. కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. బండి అతను నన్ను చూడగానే ప్లేట్లో ఉల్లిపాయ ముక్కలు వేయడం మొదలుపెట్టాడు. అంత పాత అలవాటు. చెయ్యి చాపాను. ఆపాను. ప్రాణం ఉసూరుమంది. ఫోన్ తీసి, అక్కడే నిలబడి, ఇరవై రూపాయలు పంపించాను.

"నాకు రాలే అక్కా, మళ్ల కొట్టు," అన్నాడు అతను.

"నీకు గాదన్నా, మా అక్కకు పంపిన."

"మీ అక్క గూడ మిర్చీలు ఏస్తదా?"

జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. అవతల అక్క. "ఇరవై రూపాయలు వచ్చినయని డబ్బా ఒర్లుతున్నది! ఏం కొనలేదే?"

"మిర్చి బజ్జీలు."

"శాబాష్!" అని అరిచింది. దాని వెనక ఎవరో ఆడవాళ్లు కిలకిలా నవ్వుతున్నారు. నాకు కడుపు ఖాళీగానే ఉంది గాని నడక మాత్రం తేలిపోయింది. బజ్జీలు తిన్న రోజున ఎప్పుడూ అంత తేలిగ్గా ఇంటికి చేరలేదు.

అదొక పిచ్చయింది ముగ్గురికీ. పొద్దున షాపుకు ఆటో బదులు నడిచి వెళ్తే పది రూపాయలు. బయట చాయ్ మానేసి ఫ్లాస్కులో పోసుకెళ్తే ఇంకో పది. కడుపు మాడుతున్నప్పుడు సూపర్‌మార్కెట్‌కు వెళ్తే బుట్ట నిండా చిప్స్ పడతాయని తెలుసుకుని, కడుపు నిండా తిని వెళ్లడం నేర్చుకున్నాను. ఒకరోజు సీసా నీళ్లు మర్చిపోయి, దాహంతో చచ్చిపోతూ ఇంటి పక్క కొట్లో కూల్‌డ్రింకుకు చాపిన చెయ్యి ఆపి, ఆ నిమిషంలోనే ఇంట్లోకి ఉరికి, గుమ్మంలోనే కుండలో నీళ్లు ముంచుకుని తాగుతూ ఎడమచేత్తో పైసలు పంపాను. మా ఆయన ఆ దృశ్యం చూసి, "నీకు ఎండదెబ్బ తాకినట్టున్నదే," అన్నాడు.

చెల్లె వేరే పద్ధతి కనిపెట్టింది. చూసిన వస్తువునల్లా కొనకుండా కార్టులో పెట్టి ఆదివారం దాకా ముట్టుకోదు. దాన్ని ఊరబెట్టడం అనేది. "అక్కా, ఈ వారం ఊరబెట్టినవన్నీ ఇప్పుడే తీసి చూశాను. సగం ఎందుకు పెట్టానో గుర్తే రావట్లా. ఒక బల్లి బొమ్మ ఉంది, గోడకు అంటించేది. నిజం బల్లులే ఇంటి నిండా ఉంటే ఇదెందుకు నాకు?" అని ఫోన్లోనే పగలబడి నవ్వేది. ఆ పైసలన్నీ ఆదివారం పొద్దున ఒకదాని వెంట ఒకటి పంపేది. మిర్యాలగూడలో డబ్బా ఆగకుండా మొత్తుకునేది.

కొన్నాళ్లకు డబ్బాలు తెచ్చే డెలివరీ అతనే దాని గుమ్మం ముందు ఆగి, "ఒంట్లో బాగుందా అక్కా? మీ పేరు మీద ఏం రావట్లేదు, ఒకసారి చూసిపోదామని వచ్చా," అన్నాడట. చెల్లె అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది.

అందరికంటే ముదిరింది అక్క వ్యవహారం. మా ఇద్దరి పైసలే డబ్బాలో ఎక్కువ మోగుతున్నాయని దానికి ఉక్రోషం. షాపులో కూర్చునే మనిషికి రోజంతా చెయ్యి చాపడానికి ఏముంటుంది? అందుకని కొనకుండా రావడం కోసమే కొనడానికి వెళ్లడం మొదలుపెట్టింది. వారంలో షాపు మూసే రోజున పెద్ద చీరల కొట్టుకు పోయి, మెత్తటి పరుపు మీద కూర్చుని, ఎదురుగా చీరల గుట్ట వేయించుకుని, ఒకటి నిజంగా మనసుకు నచ్చేదాకా చూసి, నచ్చిన మరుక్షణం లేచి వచ్చేసేది. బయటికొచ్చి ఆ చీర ధర మొత్తం తన ఖాతాలోంచి డబ్బా ఖాతాకు పంపేది. ఆ తర్వాత వారం పట్టుచీరల వరస. ఆ పై వారం మిక్సీలు.

ఒకరోజు బావ నాకు ఫోన్ చేశాడు. గొంతు దీనంగా ఉంది.

"ఓ మరదలా, మీ అక్కకు జర నువ్వన్న సెప్పు. చీర కొన్నప్పుడు గూడ ఇంత ఖర్చు కాలే మాకు. కొనకుంటనే ఇల్లు ఖాళీ చేస్తున్నది."

"ఏమైంది బావా?"

"ఏమైతది? నాలుగు దినాల సంది పచ్చడి మెతుకులే. కూర ఏదే అంటే, నిన్న మిక్సీ కొనలే గదా, పైసలు యాడియి అంటది!"

నేను ఫోన్ పక్కన పెట్టి, కళ్లు పరీక్షించుకోవడానికి వచ్చిన పెద్దాయన ముందే కూర్చుని కన్నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయన కంగారుపడి, "నా కండ్లు గంత ఖరాబైనయా బిడ్డా?" అన్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురం ఫోన్లో కూర్చున్నాం. అక్క ఒప్పుకోదే. "నిజంగ కొందామనుకున్ననే! నా మనసుల ఏమున్నదో నీకెట్ల ఎరుక?" అని గట్టిగా ఎదురడిగింది. చివరికి చెల్లె తీర్పు చెప్పింది. రోజూ చేతికి తగిలే చిన్నవే లెక్కలోకి వస్తాయి. చీరలు, బంగారం, మిక్సీలు రావు. అక్క అలిగి రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు డబ్బాలో పదిహేను రూపాయలు వేసి, "చెరుకు రసం. ఐస్ ఎక్కువేసి. కండ్ల ముంగట్నే పిండుతుండె," అని బాధగా చెప్పింది. అదీ అసలు ఆట.

ఈలోగా దాని షాపుకు వచ్చే ఆడవాళ్లకు ఆ డబ్బా అలవాటైపోయింది. అది అరవగానే, "ఇయ్యాల మీ చెల్లె ఏం తినలేదట?" అని అడిగేవాళ్లు. తమాషాగా ఉందని నవ్వినవాళ్లే మెల్లగా పాడయ్యారు. ఒకామె లేసు కొలిపించుకుని, కత్తెర పడే ముందు, "ఆగక్కా. ఉత్త ఫాల్ సాలు. నేను గూడ ఆపుత," అంది. పక్కనున్నామె చేతిలోని గాజుల డబ్బా కింద పెట్టేసింది. నెల తిరిగేసరికి అక్క షాపులో లేసుల అమ్మకం పడిపోయింది. అక్క వెంటనే మా డబ్బా గొంతు తగ్గించి, గల్లాపెట్టె పక్క నుంచి తీసి కింద అరలో పెట్టింది. "పొదుపు మంచిదే గాని నా గిరాకీ మీద గాదు," అంది.

వానాకాలం వచ్చేసరికి టికెట్లకూ గదికీ సరిపోయేటంత చేరింది. దసరా సెలవుల్లో వెళ్దామనుకున్నాం. అప్పుడే ఆ పెద్ద వాన పట్టింది. ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా కురిసింది. తెల్లారి చెల్లె ఫోన్ చేసి, "షాపులోకి నీళ్లొచ్చాయి అక్కా," అంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల ఒక్క మాట మీద ఆగిపోతే భయం వేస్తుంది.

హైవే మీద బస్సులు తిరగడం మొదలవగానే నేను కోదాడ చేరాను. హుజూర్‌నగర్ మీదుగా అక్క వచ్చింది. షాపు షట్టరు సగం పైకెత్తి ఉంది. లోపల నేలంతా బురద. మా మరిది జిరాక్స్ మిషను ముందు పీట వేసుకుని, దాని తలుపులన్నీ తెరిచి, ఒక్కో ముక్క గుడ్డతో తుడుస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి, "రండి వదినా," అని కూర్చోబెట్టడానికి కుర్చీ కోసం వెతికాడు. పొడి కుర్చీ ఒక్కటీ లేదు.

చెల్లె డాబా మీద ఉంది. తడిసిన కాగితాల కట్టలు విప్పి, ఒక్కో కాగితం ఆరబెట్టి, ఎగరకుండా మీద చిన్న చిన్న రాళ్లు పెడుతోంది. డాబా అంతా తెల్లగా పరుచుకుని ఉంది. మేమూ కొంగులు దోపి కూర్చున్నాం. కాసేపటికి కింద నుంచి మిషను బాగు చేసే అతని గొంతు వినిపించింది, ఏ భాగాలు మార్చాలో, ఎంతవుతుందో మరిదికి చెప్తున్నాడు. చెల్లె విననట్టు ఇంకో రాయి పెట్టింది.

అక్క నా వైపు చూసింది. "ఏమంటవే?"

"అననీకేమున్నది," అన్నాను.

అక్క ఫోన్ తీసింది. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ఖాతాలో ఉన్నదంతా మరిది ఫోన్‌కు కొట్టేసింది. కింద అతని ఫోన్ టింగుమంది. చెల్లెకు అర్థమవడానికి క్షణం పట్టింది.

"అక్కా! వద్దక్కా! అవి సముద్రం డబ్బులు!" అని అక్క చెయ్యి పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు.

"సముద్రం యాడికి పోతదే? ఆడ్నే ఉంటది. నీ మిషిన్ అయితే ఇయ్యాలనే నడవాలె గదా."

"మీరిద్దరూ వెళ్లండి. నేను తర్వాతెప్పుడైనా..."

"నీ మొహం," అంది అక్క. "నువ్వు లేంది మాకెందుకే సముద్రం?"

సరిగ్గా అప్పుడు గాలి లేచింది. రాళ్లు చాల్లేదు. కాగితాలు ఒక్కసారిగా పావురాల గుంపులా పైకి లేచాయి. ముగ్గురం కేకలు పెడుతూ వాటి వెంట పడ్డాం. ఒకటి అక్క మొహానికి అతుక్కుంది. నేను రెండు చేతులా రెండు పట్టుకుని మూడోదాన్ని నోటితో అందుకున్నాను. నాలుగో ఇంటి డాబా మీద బట్టలారేస్తున్న ఆమె పడ్డవన్నీ ఏరి, "ఇవి కూడా మీవేనా?" అని అరుస్తోంది. ఏడుస్తున్న చెల్లె ఎప్పుడు నవ్వడం మొదలుపెట్టిందో నాకు తెలియలేదు. మరిది కంగారుగా మెట్లెక్కి పైకొచ్చేసరికి ముగ్గురం నీళ్ల ట్యాంకుకు ఆనుకుని, కాగితాలు గుండెలకు హత్తుకుని, ఊపిరాడక నవ్వుతున్నాం.

తిరుగు బస్సులో మాత్రం కొంచెం వెలితిగా అనిపించింది. అబద్ధమెందుకు. మర్నాడు సాయంత్రం షాపులోంచి బయటికొచ్చి, ఇక ఆపేదేముంది, కడుపారా తిందామని బజ్జీల బండి దగ్గరికే నడిచాను. బండి అతను సంతోషంగా ప్లేటు తీశాడు. నేను చెయ్యి చాపాను. ఆ చెయ్యి ప్లేటు అందుకోకుండా సంచిలోకి వెళ్లి ఫోన్ తీసింది. నేను పంపించాలని అనుకోలేదు. వేళ్లే పంపించేశాయి.

ఫోన్ మోగింది. "నువ్వు గూడానా?" అంది అక్క.

"నేను గూడ అంటే?"

"పొద్దుగాల సిన్నదాని పైసలొచ్చినయి. నేను పగటీలి చెరుకు రసం ఆపిన. ఇప్పుడు నువ్వు. ఏందే మనకు, ఏమన్న రోగమా?"

డబ్బు పోయింది గాని అలవాటు మా ముగ్గురికీ ఒంటబట్టేసింది. రెండోసారి చేరడం మొదటిసారంత కష్టమే కాలేదు. నోరు కట్టుకుంటున్నట్టు కూడా అనిపించలేదు. నడక నడకే, ఫ్లాస్కు ఫ్లాస్కే. చెల్లె కార్టు తెరవడమే మర్చిపోతోంది. ఆదివారం దానికి పంపడానికి ఏమీ లేకపోతే, "ఏం కావాలనిపించట్లా అక్కా, ఎలా?" అని దిగులుపడి, షాపులో రోజుకింత అని తీసి పంపడం మొదలుపెట్టింది. మా పిల్లలు కూడా బస్సు దిగి నడిచొచ్చిన రోజు, "పెద్దమ్మ డబ్బాలెయ్యి," అని పది రూపాయలు నా చేతిలో పెట్టేవాళ్లు.

చలి మొదలయ్యాక, బాగైన ఆ జిరాక్స్ షాపులోనే కూర్చుని చెల్లె రైలు టికెట్లు తీసింది. సూర్యాపేటకూ రైలు లేదు, కోదాడకూ లేదు. మేమిద్దరం ముందు రోజే మిర్యాలగూడ చేరి అక్క ఇంట్లో పడుకున్నాం. పడుకున్నామనడమే గాని నిద్ర ఎవరికి పట్టింది? పొద్దున బావ మమ్మల్ని స్టేషన్లో దింపి, "పైసలు జాగ్రత్త," అనబోయి, తనలో తనే నవ్వుకుని, "మీకు నేను సెప్పేదేంది," అన్నాడు.

రైలు కదిలింది. పులిహోర, సకినాలు, ఫ్లాస్కులో చాయ్, అన్నీ ఇంటివే. సమోసాలవాడు, పల్లీలవాడు, జామకాయలామె, ఎవరొచ్చినా ముగ్గురం ఒక్క గొంతుతో వద్దనేశాం. కృష్ణ మీద వంతెన వచ్చినప్పుడు పెట్టెలో వాళ్లంతా కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు విసిరారు. అక్క కూడా ఒకటి తీసింది. చెయ్యి చాపింది. ఆగింది. వంతెన అయిపోయింది. బిళ్ల గుప్పిట్లోనే ఉంది.

"ఏమే అక్కా, కృష్ణమ్మకు గూడ ఎగవెట్టినవా?" అన్నాను.

"నా చెయ్యి నా మాట వింటలేదే," అంది నిజంగానే భయపడుతూ. చెల్లె సీటు మీంచి జారి కింద కూర్చుని నవ్వింది.

వైజాగ్‌లో గది బీచ్ రోడ్డు వెనక వీధిలో దొరికింది. కిటికీలోంచి సముద్రం కనపడదు గాని వినపడుతుంది. పొద్దున నేను కళ్లు తెరిచేసరికి అక్క ఎప్పుడో లేచిపోయి ఉంది. దుప్పట్లు మడిచి, పక్క దులిపి, దిండ్లు వరసగా పెట్టి, చీపురు కోసం బాత్‌రూంలో వెతుకుతోంది.

"ఓసి నీ అక్కా!" అని చెల్లె ఎగిరి దూకింది. ఇద్దరం కలిసి అక్కను పట్టుకుని మంచం మీద పడేశాం. మడిచిన దుప్పటి విప్పి దాని మీద కప్పాం. దిండ్లు చెల్లాచెదురు చేశాం. "కండ్లు మూసుకో. ఇంకా తెల్లార్లే," అని గద్దించి, చాయ్‌కి ఫోన్ చేశాను. నెరిసిన మీసాలాయన ఒకరు ట్రేలో మూడు కప్పులు తెచ్చి, "టీ అండమ్మా," అన్నారు. అక్క అప్పుడే నిద్రలేచినట్టు ఒళ్లు విరుచుకుని, ఆవలించి, రాణిగారిలా చెయ్యి చాపి కప్పు అందుకుంది. ఒక గుటక తాగింది. "చక్కెర తక్కువైంది," అంది. ఆయన వెళ్లగానే దుప్పట్లో మొహం దాచుకుంది. నవ్వుతోందనుకున్నాను. కాసేపటికి బయటికొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

తర్వాత సముద్రం దగ్గరికి వెళ్లాం. దాని గురించి ఏం చెప్పను? రోడ్డు దాటగానే ఎదురుగా ఉంది, అంతే. అంత పెద్దదాన్ని ఒకేసారి చూడ్డానికి నా కళ్లు చాల్లేదు. చెల్లె చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తింది. మొదటి అల మోకాళ్లకు తగలగానే అక్క పెట్టిన కేకకు నలుగురు తిరిగి చూశారు. కాళ్ల కింద ఇసుక జారుతుంటే, "నన్ను గుంజుకపోతున్నదే, పట్టుకోర్రి!" అని మా ఇద్దరి జబ్బలు పట్టుకుంది. ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం. లేచాం. మళ్లీ పడ్డాం. చీరలు నీళ్లకు బరువెక్కి, జుట్టు నిండా ఇసుక, నోట్లో ఉప్పు.

ఒడ్డుకొచ్చి కూర్చున్నాకే అసలు చిక్కు వచ్చింది. ఆకలవుతోంది. మొక్కజొన్న కంకులామె వచ్చింది, వద్దన్నాను. మరమరాలు కలిపిచ్చే మురీ మిక్స్చర్ అతను వచ్చాడు, చెల్లె వద్దంది. ఫొటోలు తీస్తానన్నవాడిని అక్క చేత్తోనే తోలేసింది. ఆ పైన ముగ్గురం అలవాటుగా ఫోన్లు తీసి, ఎవరికి పంపాలో తోచక ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. డబ్బా మిర్యాలగూడలో, మూసి ఉన్న షాపులో ఉంది.

"అక్కా," అంది చెల్లె నెమ్మదిగా, "మనం ఖర్చు పెట్టడానికి వచ్చాం."

ఆ మాట అర్థమవడానికి మాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఇక మమ్మల్ని పట్టేవాళ్లు లేరు. ఆ ఒక్క రోజుకు కొత్త నియమం పెట్టుకున్నాం: కన్ను దేని మీద ఆగితే దాన్ని కొనాలి, ఆలోచించకూడదు. కంకులామెను కేకేసి వెనక్కి పిలిచాం. నిమ్మకాయ, కారం దట్టంగా రుద్దించుకుని తలా ఒకటి తిన్నాం. మురీ తిన్నాం. ఐస్‌క్రీం తిన్నాం. చెల్లె గవ్వలు అంటించిన అద్దం కొంది. నేను వెడల్పాటి టోపీ కొని, పక్కవాళ్లు నవ్వుతున్నా సాయంత్రం దాకా తీయలేదు. పంపించేసిన ఫొటో అతన్ని వెతికి పట్టుకుని తెచ్చి, ముగ్గురం చేతులు చాపి, నోళ్లు తెరిచి, అల వచ్చి మీద పడేటప్పుడు తీయించుకున్నాం. అందులో అక్క మొహం కనపడదు, అంతా నురగే.

అక్క కన్ను మాత్రం చాలాసేపటి నుంచి ఒకదాని మీదే ఆగి ఉంది. ఇసుకలో పూసల గొలుసులు వేసుకున్న తెల్ల గుర్రం ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది. పిల్లలే ఎక్కుతున్నారు.

"ఎక్కుతవా?" అన్నాను.

"పిచ్చిదానా. ఈ వయసుల, చీర మీద."

"రూలంటే రూలే," అంది చెల్లె.

గుర్రాన్ని నడిపించే తాత అక్కను ఎగాదిగా చూసి, "ఎక్కండమ్మా, ఏం కాదు. మా అమ్మాయి బుద్ధిమంతురాలు," అన్నాడు గుర్రాన్ని తడుతూ. మేమిద్దరం అటొకరం ఇటొకరం పట్టి, తాత కింద నుంచి ఎత్తి, ఎలాగో అక్కను పైకెక్కించాం. మొదట జూలు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. గుర్రం నాలుగడుగులు వేసింది. కళ్లు తెరిచింది. తాత కళ్లెం పట్టుకుని నెమ్మదిగా పరిగెత్తడం మొదలుపెట్టాడు. కొంగు ఎగురుతోంది, జుట్టు ముడి ఊడిపోయింది. మిర్యాలగూడలో మ్యాచింగ్ సెంటరు నడిపే మా అక్క వైజాగ్ ఒడ్డున గుర్రం మీద వెళ్లిపోతూ, "ఆపకు తాతా! ఆపకు!" అని అరుస్తోంది. నేనూ చెల్లె టోపీ, అద్దం చేత పట్టుకుని ఆమె వెనక తడి ఇసుకలో పరిగెత్తాం.

గుర్రం తిరిగొచ్చి ఆగింది. కిందకి దించితే అక్క నా భుజం పట్టుకుని రొప్పుతూ నిలబడింది. మొహమంతా వెలిగిపోతోంది.

"ఇంకొక్కసారి," అంది.

చెల్లె అప్పటికే తాత చేతిలో పైసలు పెడుతోంది.